అక్షరముల కృత్రిమ వార్ధక్యము

ప్రాతగ్రంథమును విప్పినప్పుడు మన మనస్సున నొకవిధమైన గౌరవము పుట్టును. ఆ పుటలయందు అక్షరముల యంచులు చెదరి, గీతలు ఒకచోట లావై వేఱొకచోట సన్నమై యుండును. ఇది ముద్రాపకులు కోరి తెచ్చుకొన్నది కాదు. సీసము ప్రధానముగా గల లోహముతో పోసిన యక్షరములు అచ్చొత్తిన కొలది అరుగును. అమెరికాలోని ఆంగ్లవలసలకు అక్షరములు చాలవఱకు ఇంగ్లాండునుండియే రావలసియుండెను. అందుచే అచ్చటి ముద్రాపకులు అరిగినవానినే మరల మరల వాడిరి. ఆ అరుగుదల వారి యిబ్బందికి గురుతు, అలంకారము కాదు.

లండను నగరమున విలియం కాస్లన్ (1692–1766) తుపాకులపై నగిషీ చెక్కుచు వృత్తి నారంభించి, పిదప అక్షరముల పోతకు దిగెను. ఆయన మాదిరిపత్రము 1734లో వెలువడినది. 1776లో అమెరికా స్వాతంత్ర్యప్రకటనమును ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లప్ మొదట అచ్చొత్తినది కాస్లన్ అక్షరములతోడనే. ఆ పేరునకు అమెరికాలో గొప్ప గౌరవము నిలిచెను.

1890వ దశాబ్దమున షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను పోతశాలవారు బర్న్ నడాల్ రచించిన యొక క్రొత్త యక్షరమాలను విక్రయమునకు పెట్టిరి. గీతల కొనలకు చిన్న పాదములు గలిగి, అంచులు గిల్లినట్లును అరిగినట్లును బుద్ధిపూర్వకముగా తీర్చిన యక్షరములవి. ‘పదునైదవ శతాబ్ది’ యని వానికి పేరిడిరి. ఆ పేరుతో అవి యంతగా చెల్లలేదు. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట ‘కాస్లన్ యాంటిక్’, అనగా ‘ప్రాచీన కాస్లన్’ అని పేరు మార్చిరి. కాస్లన్ చేతిపనితో వానికి సంబంధము లేశమును లేదు. అక్షరము మారలేదు, అరుగుదల మారలేదు. పేరు మారినంతనే వయస్సు మూడువందల యేండ్లు తగ్గినది!

ఈ వేషమును గుర్తించు ఉపాయమొకటి కలదు. నిజముగా అరిగిన యక్షరములు రెండును ఒక్కతీరున అరుగవు. ఒకదానికి తల విరిగిన, మఱియొకదానికి పాదము చెదరును. కృత్రిమాక్షరములన్నియు ఒక్క మూసనుండి పుట్టినవి. ఒక పుటలో ఏబదిమారులు వచ్చిన యక్షరమునకు ఏబదియెడలను గాయము ఒక్కచోటనే యుండును.

నాటకప్రకటనలయందును కథాపుస్తకముల యట్టలపైనను ఇట్టి యక్షరములు వాడుట దోషమని మేము చెప్పము. అది వేషమని యందఱును ఎఱుగుదురు. వేషము ప్రమాణమై కూర్చున్నప్పుడే కీడు. వరకట్నమును గూర్చి ‘ఇది తాతలనాటి ఆచారము’ అని మన యిండ్లలో ఎంత ధైర్యముగా చెప్పుదురు! ఆ యక్షరములు పుట్టిన దశాబ్దముననే, 1897లో, గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ అచ్చుపడినది. అందు సొమ్ము పుచ్చుకొనువారు కన్యల తండ్రులు. ఆ కుటుంబములయందు తాతలనాడు సొమ్ము నడచిన త్రోవ వేఱన్నమాట. 1961లో శాసనము నిషేధించినను, ఆచారమను పేరు చాటున కట్నము ఇంకను నడచుచున్నది.

కావున ప్రాతదనము కంటబడినప్పుడు చేతులు జోడించుటకు ముందు, దీనిని ఎప్పుడు పోసిరి, ఎవరు పేరిడిరి, ఎవరికి లాభము అని విచారింతము. ఆ విచారణ మన యిండ్లలోనే మొదలుకావలెను. నిజముగా ప్రాచీనమైనది ఈ ప్రశ్నలకు వెఱవదు.