సవర పలుకు నేర్చిన గురువు

పంతులు అను మాటకు మన పల్లెలలో నేటికిని గౌరవము ఉన్నది. అయితే పాఠము చెప్పిన ప్రతివారును గురువులు కాజాలరు. చెప్పినది పిల్లవానికి బోధపడినప్పుడే బోధన జరిగినట్లు లెక్క. బోధపడనప్పుడు వాడు మొద్దు అని త్రోసివేయుట మిక్కిలి సులభము. ఆ సులభమార్గమును కాదని, లోపము తన వైపున ఉన్నదేమో అని వెదకికొన్న ఉపాధ్యాయుడు ఒకరు మన సీతంపేట కొండలకు ఎంతో దూరము లేని పర్లాకిమిడిలో ఉండినారు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆయనను తెలుగువారు అందరు ఎరుగుదురు. ఉపాధ్యాయులుగా ఆయన నడిచిన త్రోవను మాత్రము తలచుకొనువారు తక్కువ. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ త్రోవను స్మరించుట ఉచితమని తోచినది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. చిన్నతనములోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. విజయనగరములో చదువుకొనునపుడు గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా కుదురుకొన్నారు. బి.ఏ. పట్టమును ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి సంపాదించినారు.

ఆయన చెప్పవలసిన పాఠము చరిత్ర. పుస్తకములో ఉన్నది వల్లె వేయించి ఊరకుండవచ్చును. కాని ఆయన ముఖలింగ దేవాలయమునకు వెళ్ళి, అక్కడి రాళ్ళమీది ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకొని, శాసనములను చదివినారు. చరిత్ర పుస్తకములో పుట్టలేదు. రాతిమీద, రాగిరేకుమీద, జనుల నోట ఉన్నది. దానిని చూచి వచ్చినవాడు చెప్పు పాఠమునకు ఒక బలము ఉండును. మంచి ఉపాధ్యాయునికి ఇది మొదటి లక్షణము. తాను చెప్పుదానికి మూలము ఎక్కడ ఉన్నదో అక్కడికి తాను స్వయముగా పోవలెను.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారికి చదువు చెప్పవలెనని రామమూర్తిగారు సంకల్పించినారు. ఏ భాషలో చెప్పుట? తెలుగులో చెప్పినచో అది వారికి పరభాష. సవర భాషలో చెప్పుదమన్నచో ఆయనకు ఆ భాష రాదు. నేర్చుకొనుటకు తగిన వ్యాకరణము గాని నిఘంటువు గాని చేతికి అందినది కాదు. కనుక తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని, అతని నోట విని నేర్చుకొన్నారు. గురువు శిష్యుడైనాడు, చదువు లేనివాడని లోకము అనుకొన్నవాడు గురువైనాడు.

ఆ పని ఎంత కష్టమో తెలియవలెనన్నచో సవర భాష సంగతి కొంత తెలియవలెను. అది తెలుగు, కన్నడముల కుటుంబములోనిది కాదు; ముండా భాషలలో ఒకటి. తెలుగు వచ్చినంతమాత్రమున దానిలో దారి దొరకదు. గొంతులో గాలిని ఒక్క క్షణము బిగబట్టి విడుచు ధ్వని ఒకటి అందులో ఉన్నది. దానికి తెలుగు లిపిలో అక్షరము లేదు. ఇక లెక్కలు మనకంటె వేరు. సవరలు పండ్రెండు వరకు లెక్కించి, పదుమూడును ‘పండ్రెండు ఒకటి’ అనియు, పదునాలుగును ‘పండ్రెండు రెండు’ అనియు అందురు. ఇరువది మరల ఒక మెట్టు. ముప్పదిమూడు అనవలెనన్నచో ‘ఇరువది పండ్రెండు ఒకటి’ అని అర్థము వచ్చునట్లు పలుకుదురు. సంతలో అరటిపండ్లను డజనుల లెక్కన కొనునట్టి మనకు ఈ పద్ధతి వింత కారాదు.

బోధనలోని కీలకము ఇక్కడ ఉన్నది. ఈ సంగతి ఎరుగని పంతులు పలకమీద పదులు ఒకట్లు వ్రాసి, పిల్లవాడు తడబడగా, వీనికి లెక్క రాదని తీర్మానించును. ఎరిగిన పంతులు, వీనికి లెక్క వచ్చును, అయితే మరియొక మెట్టున వచ్చును అని గ్రహించి, ఆ మెట్టునుండి ఈ మెట్టునకు చేయి పట్టుకొని తెచ్చును. పిల్లవాడు ఒక్కడే. పంతులు ఎరుక మారుటచేత వాని భవితవ్యము మారుచున్నది.

రామమూర్తిగారు విన్నదానిని విన్నట్లు వ్రాసికొని, సవర భాషలో వాచకములు, కథలు, పాటల పుస్తకములు సిద్ధము చేసినారు. 1911లో మద్రాసు ప్రభుత్వము వాటిని అచ్చువేయించినది. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పు బడులను ఆయన నెలకొల్పినారు. పంతుళ్ళ జీతములకు సొంత సొమ్ము వెచ్చించినారు. ప్రభుత్వము వారు పారితోషికము ఇయ్యబోగా, అది తనకు వద్దనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి నడుపుమనియు కోరినారని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. ఆయన ఇంగ్లీషులో వ్రాసిన సవర వ్యాకరణము 1931లో వెలువడినది. అటుపిమ్మట సవర-ఇంగ్లీషు నిఘంటువును కూర్చినారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. కొండలలో తిరుగునపుడు మలేరియా సోకినది. దానికి పుచ్చుకొన్న క్వినైను మందువలన వినికిడి చెడి, ఆ చెవుడు జీవితాంతము నిలిచిపోయినది. చెవితో విని ఒక భాషను పట్టుకొన్న మనిషికి చెవులే పోయినవి. అయినను పని ఆగలేదు.

తరువాతి కాలమున ఆయన నడిపిన తెలుగు భాషోద్యమమునకును మూలము తరగతి గదిలోనే ఉన్నది. 1906-07 ప్రాంతమున ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్స్ దొర, జనులు మాటలాడు తెలుగునకును, బడిలో చెప్పు తెలుగునకును ఇంత ఎడము ఎందుకని ప్రశ్నించినాడు. కొండమీది సవర పిల్లవానికి బడిభాష పరభాష అయినట్లే, మైదానములోని తెలుగు పిల్లవానికిని గ్రాంథికము సగము పరభాష అయినదని గిడుగువారు గుర్తించినారు. రెండు చోట్లను వ్యాధి ఒకటే. ఆయన చెప్పిన మందును ఒకటే. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రములో చేరగా ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరి 22న కాలధర్మము చెందినారు. ఆయన జన్మదినమును మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

సవరలు సైతము ఊరకుండలేదు. 1936లో మంగయి గొమాంగో అను సవర పెద్ద తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అను సొంత లిపిని కల్పించినాడు. లోకము కూడ క్రమముగా ఈ త్రోవకు వచ్చినది. పిల్లవానికి తొలి చదువు మాతృభాషలో జరుగవలెనని యునెస్కో సంస్థ 1953లో ప్రకటించినది. 1956లో మన రాజ్యాంగములో చేరిన 350-ఏ అధికరణము ఆ సదుపాయమునకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పినది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములు తయారుచేయు పథకమును ఆరంభించినది. గిడుగువారి సవర వాచకములు అచ్చుపడి అప్పటికి తొంబది మూడేండ్లు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. తెలుగు, ఇంగ్లీషు రానిదే ఉద్యోగము లేదు, సవర పలుకు బడిలో ఎందుకు అని తలిదండ్రులే అడుగుదురు. ఆ ఆందోళనను తేలికగా తీసివేయరాదు. అది ఆకలి ఎరిగినవారి ప్రశ్న. కాని మాతృభాషలో ఆరంభించుట అనగా అక్కడనే ఆగిపోవుట కాదు. మెట్లు ఎక్కవలసిన పిల్లవానికి మొదటి మెట్టు వాని కాలికి అందునట్లు కట్టుట మాత్రమే. సవర వాచకములు వ్రాసిన గిడుగువారు తామే ఇంగ్లీషున గ్రంథములు రచించినవారు అని మరువరాదు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా, అంతకుముందు శ్రీకాకుళము జిల్లాలో ఉండిన మన సీతంపేట అందులో చేరినది. జిల్లా పేరు మారినను కొండలు అవే, పిల్లలు అవే పలుకులతో బడికి వత్తురు. వారికి పాఠము చెప్పవచ్చు ప్రతి ఉపాధ్యాయుడును వ్యాకరణములు వ్రాయనక్కరలేదు. కొన్ని సవర మాటలు, పండ్రెండు వరకు అంకెలు, ఒక కథ నేర్చుకొన్నచో చాలును. పిల్లల భయము సగము తీరును. గ్రంథాలయము చేయగల పనియు ఉన్నది. మన పెద్దల నోట ఉన్న సవర కథలను, పాటలను, చెట్ల పేళ్ళను వ్రాయించి ఒక అరలో భద్రపరుపవలెను. బడి పంతులు వచ్చి వాటిని చదువుకొనవలెను. చందాదారులు ఈ పనికి పూనుకొందురుగాక అని ఆకాంక్షించుచున్నాను.