రెండేళ్ల కొలబద్ద మీద ఖరగ్‌పూర్ లెక్క

తెలుగువాళ్లకు ఖరగ్‌పూర్ అంటే ముందు గుర్తొచ్చేది రైల్వే. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పని దొరుకుతుందని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. అదే ఊళ్లో హిజిలీ నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు ప్రాణాలు వదిలిన ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగం 2015లో ఒక పరిశోధన ప్రచురించింది. సైన్స్ జర్నళ్ల స్థాయిని సైటేషన్లతో, అంటే ఒక పేపర్‌ను తర్వాతి పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయన్న లెక్కతో, కొలిచే పద్ధతి ఏ నమ్మకం మీద నిలబడి ఉందో, ఆ నమ్మకాన్నే అది పరీక్షకు పెట్టింది. మన విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలూ ప్రమోషన్లూ ఈ కొలతతో ముడిపడి ఉన్నాయి కాబట్టి, అది ఎక్కడ పుట్టి మన దాకా ఎలా వచ్చిందో చెప్పుకోవడం అవసరం.

అది పుట్టింది ఒక లైబ్రరీ అవసరం కోసం. 1927లో అమెరికాలోని పొమోనా కాలేజీకి చెందిన గ్రాస్, గ్రాస్ అనే ఇద్దరు ఒక ప్రశ్న వేసుకున్నారు: చిన్న కాలేజీకి ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏ కెమిస్ట్రీ జర్నళ్లు కొనాలి? ఎవరి అభిప్రాయమూ అడక్కుండా, అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ 1926 సంపుటాన్ని ముందేసుకుని, అందులోని వ్యాసాలు ఏయే పత్రికలను ప్రస్తావించాయో ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. మొత్తం 3,633 ప్రస్తావనలు తేలాయి. ఎక్కువసార్లు కనిపించిన పత్రికలు కొనమన్నారు. ఆ లెక్కకు అంతకుమించిన ఉద్దేశం లేదు. 1934లో లండన్ సైన్స్ మ్యూజియం లైబ్రరీలో పనిచేసిన బ్రాడ్‌ఫర్డ్, ఏ విషయం తీసుకున్నా ముఖ్యమైన వ్యాసాల్లో పెద్ద వాటా కొద్ది పత్రికల్లోనే దొరుకుతుందని చూపించాడు. అదీ లైబ్రేరియన్‌కు పనికొచ్చే మాటే.

తర్వాతి అడుగు యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. అమెరికాలో వకీళ్లకు 1873 నుంచీ షెపర్డ్ సూచిక ఉంది. ఒక తీర్పును తర్వాత ఏ కోర్టులు ప్రస్తావించాయో, అది ఇంకా చెల్లుతుందో లేదో అందులో చూసుకునేవారు. సైన్స్‌కూ అలాంటిది కావాలని గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో రాశాడు. ఆయన ఫిలడెల్ఫియా సంస్థ నుంచి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. 1961 నాటి 613 జర్నళ్లను జల్లెడ పట్టి దాదాపు 14 లక్షల సైటేషన్లను కూర్చారందులో. ఏ జర్నళ్లను చేర్చుకోవాలో తేల్చడానికి గార్‌ఫీల్డ్, ఇర్వింగ్ షేర్ కలిసి తయారుచేసిన సాధనమే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 1975 నుంచి ఆ అంకెలు జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో వస్తున్నాయి.

లెక్క సులువే. ఒక జర్నల్ 2022, 2023 సంవత్సరాల్లో కలిపి 200 పేపర్లు వేసిందనుకుందాం. 2024లో ఆ 200 పేపర్లకు మొత్తం 500 సైటేషన్లు వస్తే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5. సగటు కాబట్టి ఒక్క పేపర్ దాన్ని ఎక్కడికైనా లాక్కుపోగలదు. స్ఫటికశాస్త్ర జర్నల్ 'ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ' విషయంలో అదే జరిగింది. 2008లో 2 దగ్గర ఉన్న అంకె 2009లో 49.926కు ఎగబాకింది. షెల్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ గురించి షెల్‌డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసాన్ని ఆ సాఫ్ట్‌వేర్ వాడిన వాళ్లంతా పేర్కొన్నారు. పక్క పేజీలోని వ్యాసం రాసినవాడి పనితనం ఆ ఏడాదిలో ఇరవై రెట్లు పెరగలేదు కదా!

ఇంతకన్నా లోతైన ప్రశ్న ఆ రెండేళ్ల గడువుది. పేపర్ అచ్చైన మొదటి రెండు మూడేళ్లలో సైటేషన్లు పెరుగుతాయి, తర్వాత తగ్గిపోతాయి అన్న ఊహ దాని వెనక ఉంది. ఖరగ్‌పూర్‌లో తన్మయ్ చక్రవర్తి, సుహన్‌సను కుమార్, పవన్ గోయల్, నీలయ్ గంగూలీ, అనిమేష్ ముఖర్జీ పట్టుకున్నది సరిగ్గా ఈ ఊహనే. కంప్యూటర్ సైన్స్‌లో దాదాపు 15 లక్షల పేపర్లు తీసుకుని, ఒక్కోదానికి ఏటా ఎన్ని సైటేషన్లు వచ్చాయో గీతలు గీసి చూశారు. గీతలన్నీ ఒకే తీరులో లేవు, ఆరు తీరుల్లో కనిపించాయి. కొన్ని మొదటి అయిదేళ్లలో శిఖరానికి చేరి దిగిపోయాయి. అందరూ అనుకునే తీరు ఇదే, దీని వాటా పావువంతు దగ్గరే ఉంది. కొన్నిటికి వేర్వేరు కాలాల్లో పలు శిఖరాలు వచ్చాయి, ఈ బాపతువీ దాదాపు అన్నే. కొన్ని అయిదేళ్లు దాటాకే వెలుగులోకి వచ్చాయి. కొన్ని అచ్చైన మరుసటి ఏడే శిఖరం చూసి అప్పటి నుంచీ తగ్గుతూ పోయాయి. బహుకొద్ది మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. ఏడాదికి సగటున ఒక్క సైటేషనైనా దక్కనివి మిగిలిన గుంపు, అన్నిటికన్నా పెద్దది. ఆ అధ్యయనం 2015 సెప్టెంబరులో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం'లో వచ్చింది. నా దృష్టిలో ఈ విషయం మీద మన దేశం నుంచి వచ్చిన అతి విలువైన పరిశోధనల్లో అదొకటి. ఆలస్యంగా గుర్తింపు పొందే పేపర్‌ను రెండేళ్ల కిటికీలోంచి చూస్తే అది ఎప్పటికీ కనపడదు.

మనవాళ్ల పేర్లతోనే దీన్ని చూడవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్.రావు, 1945లో అక్కడి గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే. దశాబ్దాల తర్వాత ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖకూ అదే బీజమైంది. ఆ పనికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి 2023లో, ఆయనకు 102 ఏళ్ల వయసులో వచ్చింది. పైగా హద్దుకు ఆయన పేరే స్థిరపడ్డాక, వాడేవాళ్లలో చాలామంది మూల వ్యాసాన్ని పేర్కొనడం మానేశారు. లెక్కకు అందని ప్రభావం అంటే అది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది ఇంకో కథ. ఫాస్ఫరస్‌ను రంగు సాయంతో కొలిచే పద్ధతి మీద ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో రాసిన పేపర్, సైటేషన్ ఇండెక్స్ వచ్చేనాటికే పాతది. అయినా అత్యధికంగా పేర్కొన్న పేపర్ల జాబితాల్లో చోటు సంపాదించింది. అప్పటికి సుబ్బారావు చనిపోయి ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు మన నియమాలు చూడండి. 2018 యూజీసీ నిబంధనల్లో పేపర్‌కు స్కోరు జర్నల్ అంకెను బట్టి ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రిఫరీడ్ జర్నల్ అయితే 5 పాయింట్లు, 1 లోపు ఉంటే 10, ఇలా పెరుగుతూ 10 దాటితే 30. పేపర్‌లో ఏముందో చదవాల్సిన పని ఆ పట్టికకు లేదు. 1945 నాటి రావు వ్యాసం లాంటిది అంకె లేని జర్నల్‌లో వస్తే ఆ పట్టికలో దక్కేది 5.

ఇది తప్పని లోకం ఇప్పటికే చెప్పింది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ జర్నల్‌ను వదిలి మనిషిని లెక్కపెట్టింది, కానీ అదీ లెక్కే. 2012 డిసెంబరు నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన, జర్నల్ అంకెతో వ్యక్తిని తూచవద్దని సూటిగా కోరింది. 2015 లైడెన్ మేనిఫెస్టో, అంకెలు నిపుణుల తీర్పుకు సాయపడాలే తప్ప దాని స్థానం తీసుకోకూడదంది. మన యూజీసీ, తాను ఆమోదించిన జర్నళ్ల 'కేర్' జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపేసి, మంచిచెడ్డలు చూసే బాధ్యత విద్యాసంస్థలకే వదిలింది. సంస్థలు ఆ బాధ్యత తీసుకోకుండా మళ్లీ అంకెల పట్టికే పట్టుకుంటే ఈ మార్పుకు అర్థం ఉండదు.

సెలెక్షన్ కమిటీల్లో కూర్చునే తెలుగు ప్రొఫెసర్లకు నా మనవి ఒక్కటే. అభ్యర్థి తన మంచి పేపర్లని చెప్పే మూడింటిని ముందుగా తెప్పించుకుని, చదివి రండి. జర్నల్ అంకె తర్వాత చూడండి.