బ్లూ హవాయి

బ్లూ హవాయి పేరుతో 1961లో రెండు వచ్చాయి: ఒకటి నవంబరు 22న అమెరికాలోని పారమౌంట్ సంస్థ విడుదల చేసిన సంగీత హాస్య చిత్రం, రెండోది అంతకు ముందు నెలలోనే ఆర్‌సీఏ విక్టర్ సంస్థ తెచ్చిన ఆ చిత్రం పాటల ఎల్‌పీ రికార్డు. హాల్ బి. వాలిస్ నిర్మించగా నార్మన్ టారోగ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కథానాయకుడు, ప్రధాన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీయే. జోన్ బ్లాక్‌మన్ నాయికగా, ఆంజెలా లాన్స్‌బరీ నాయకుడి తల్లిగా నటించారు. లాన్స్‌బరీ ప్రెస్లీ కంటే తొమ్మిదేళ్లే పెద్దదన్న సంగతి ఆనాటి హాలీవుడ్ పాత్రల పంపిణీ ఎలా ఉండేదో చెబుతుంది.

రెండేళ్ల సైనిక సేవ ముగించుకుని 1960లో జర్మనీ నుంచి తిరిగివచ్చిన ప్రెస్లీ గంభీరమైన నటుడిగా పేరు తెచ్చుకోవాలని ఆశించినా, పాటలు తక్కువగా ఉన్న ఆయన చిత్రాలకు వచ్చిన రాబడి, వాలిస్, టారోగ్‌ల కలయికలోనే వచ్చిన పాటల చిత్రం జీ.ఐ. బ్లూస్‌కు వచ్చిన రాబడితో సరితూగలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1959 ఆగస్టు 21న, హవాయి ద్వీపాలు అమెరికాలో 50వ రాష్ట్రంగా చేరాయి; అదే కాలంలో జెట్ విమానాలు కూడా మొదలవడంతో, పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యనున్న ఆ ద్వీపాలు ప్రధాన భూభాగంలోని మధ్యతరగతికి కొత్తగా అందుబాటులోకి వచ్చాయి. ఈ రెండు గిరాకీలను ఒకే తెరమీద కలపడం నిర్మాత చేసిన లెక్క.

కథ పలుచనిది. సైన్యం నుంచి ఇంటికి వచ్చిన చాడ్ గేట్స్ తండ్రి పనిచేసే అనాసపళ్ల కంపెనీలో చేరడానికి ఇష్టపడక, ప్రియురాలు మైలీ పనిచేసే పర్యాటక సంస్థలో గైడుగా చేరి, ఒక ఉపాధ్యాయినినీ ఆమె వెంట వచ్చిన నలుగురు అమ్మాయిలనూ దీవులు తిప్పి చూపిస్తాడు. అపార్థాలన్నీ తీరాక, అనాస కంపెనీ అమ్మకందారులను హవాయికి విహారయాత్రకు రప్పించే సొంత వ్యాపారం పెట్టుకుంటాడు. తోటల పంటను పర్యాటకం వెనక్కి నెట్టిన ఆ దీవుల ఆర్థిక చరిత్రను రచయితలు ఉద్దేశించకుండానే ఇందులో చెప్పేశారు. పెంకితనం చేసిన అమ్మాయిని నాయకుడు ఒళ్లో వేసుకుని కొట్టే సన్నివేశం మాత్రం ఆనాడు హాస్యంగా చెల్లినా ఇప్పుడు చూడటం కష్టం.

పాటల రికార్డింగు 1961 మార్చి 21 నుంచి 23 వరకు హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో జరిగింది. ప్రెస్లీతో ఎప్పుడూ ఉండే వాద్యకారులకూ, జోర్డనేర్స్ అనే వంతపాట బృందానికీ ఈసారి ఉకులేలే, స్టీల్ గిటార్ తోడయ్యాయి. ఉకులేలే 1879లో మదీరా దీవి నుంచి వలస వచ్చిన పోర్చుగీసు కూలీలు తెచ్చిన చిన్న తీగ వాద్యం నుంచి హవాయిలో రూపుదిద్దుకుంది. స్టీల్ గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టుకుని, తీగలను మెట్ల మీద నొక్కకుండా వాటిపై ఉక్కు కడ్డీని జరుపుతూ వాయిస్తారు కాబట్టి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారే నాదం పుడుతుంది. కర్ణాటక సంగీతంలోని చిత్రవీణ విన్నవారికి ఈ జారు కొత్తగా అనిపించదు. హిందుస్తానీ సంగీతంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ వంటివారు రాగాలు పలికించింది కూడా హవాయి పద్ధతి గిటార్‌ను మలచుకునే.

రికార్డులోని 14 పాటల్లో నిజంగా హవాయిలో పుట్టినవి రెండే. వాటిలో అలోహా ఓయె 1878లో అప్పటి రాకుమారి, తర్వాతి రాణి లిలియువోకలాని రచన. 1893లో ఆమెను గద్దె దింపాక ఏర్పడిన ప్రభుత్వానికి అధ్యక్షుడైన శాన్‌ఫర్డ్ డోల్‌కు, హవాయి అనాస వ్యాపారాన్ని పెంచిన జేమ్స్ డోల్ దగ్గరి బంధువు. అనాస కంపెనీ కుటుంబంలోని కుర్రవాడిగా నటించిన గాయకుడు ఆ రాణి పాట పాడటంలోని వ్యంగ్యం చిత్రానికి పట్టలేదు. రెండోది, ముగింపులో పెళ్లి వేడుకకు వాడిన హవాయియన్ వెడ్డింగ్ సాంగ్, చార్ల్స్ ఇ. కింగ్ 1926లో కూర్చిన పాటకు ఆంగ్ల రూపం. చిత్రానికి పేరిచ్చిన పాట సైతం 1937లో బింగ్ క్రాస్బీ నటించిన వైకీకీ వెడ్డింగ్ కోసం లియో రాబిన్, రాల్ఫ్ రెయింజర్ రాసినది. మిగిలినవాటిలో చాలా పాటలు అమెరికా ప్రధాన భూభాగపు వృత్తి రచయితలు ఇచ్చిన సన్నివేశానికి తగ్గట్టు అల్లినవి. వాటిలో కొన్ని తెరమీద తప్ప విడిగా నిలవవు.

నిలిచినది కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్. హ్యూగో పెరెట్టీ, లుయీజీ క్రియేటోరె, జార్జ్ డేవిడ్ వైస్ కలిసి రాసిన ఈ పాట వరుసకు మూలం, మార్టినీ అనే స్వరకర్త 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కూర్చిన ప్లెజీర్ దమూర్. చిత్రంలో దీన్ని నాయకుడు ప్రియురాలిని చూస్తూ కాక, ఆమె అమ్మమ్మ పుట్టినరోజున ఐరోపా నుంచి తెచ్చిన సంగీతపు పెట్టె బహూకరించి, అందులోంచి వచ్చే సన్నని నాదంతో గొంతు కలిపి పాడతాడు. రాక్ అండ్ రోల్ గాయకుడు గొంతును అంతగా అదుపులో పెట్టిన ఈ సన్నివేశం చిత్రం మొత్తంలో మేలైనది.

రికార్డింగు ముగిసిన రెండు రోజులకే, మార్చి 25న, ప్రెస్లీ పెర్ల్ హార్బర్‌లో కచేరీ చేసి, 1941 నాటి జపాను దాడిలో మునిగిన అరిజోనా యుద్ధనౌక స్మారకానికి 50,000 డాలర్లకు పైగా సమకూర్చాడు; 1969లో లాస్ వేగాస్ వేదిక ఎక్కేదాకా టికెట్టు కొన్న జనం ముందు ఆయన మళ్లీ పాడలేదు. షూటింగు ఓవహూలోని వైకీకీ తీరం, హనౌమా బే వంటిచోట్ల, కవాయ్ దీవిలోని కోకో పామ్స్ హోటల్లో జరిగింది. పెళ్లి సన్నివేశం తీసిన ఆ హోటల్ 1992 సెప్టెంబరులో ఇనికి తుఫాను దెబ్బకు మూతపడింది.

ఎల్‌పీ బిల్‌బోర్డ్ పట్టికలో వరసగా 20 వారాలు మొదటి స్థానంలో ఉండి, గ్రామీ పురస్కారానికి నామినేషన్ కూడా పొందింది. ఈ విజయమే ప్రెస్లీ నటజీవితానికి చేటు తెచ్చిందని చెప్పడం అన్యాయం కాదు: అందమైన ఊరు, అమ్మాయిలు, డజను పాటలు అన్న మూస దొరికాక, ఆయన మేనేజరు కర్నల్ పార్కర్‌కు గాని నిర్మాతలకు గాని వేరే కథ వెతికే అవసరం కనిపించలేదు. గర్ల్స్! గర్ల్స్! గర్ల్స్! (1962), పారడైజ్, హవాయియన్ స్టైల్ (1966) అదే దీవులకు తిరిగి వెళ్లాయి గాని, ఈ పాటల స్థాయిని అందుకోలేకపోయాయి.

1970లలో ప్రెస్లీ తన కచేరీలను సాధారణంగా కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్‌తోనే ముగించేవాడు. ఆయన పాడినప్పుడు అమెరికా సింగిల్స్ పట్టికలో రెండో స్థానం దగ్గరే ఆగిన ఆ పాట, 1993లో యూబీ40 అనే బ్రిటిష్ రెగే బృందం పాడినప్పుడు మొదటి స్థానానికి చేరింది.