బీలకు కట్టిన మదింపు



"మదింపు" అన్న మాట మన పల్లెలకు కొత్తది కాదు. పంట కోతకు రాకముందే గట్టున నిలిచి, ఈ చేను ఇన్ని పుట్లు పండుతుందని అంచనా కట్టడమే మదింపు. ఇప్పుడు "పర్యావరణ ప్రభావ మదింపు" అని ఒక చట్టప్రక్రియకు ఆ పేరు పెట్టుకున్నాము. పేరు చక్కగానే కుదిరింది. కాకపోతే పాతకాలపు మదింపులో గట్టున నిలిచినవానికి చేను తెలుసు.

ఈ ప్రక్రియకు పుట్టినిల్లు అమెరికా. ప్రభుత్వం పెద్దపని తలపెట్టే ముందు దానివలన ప్రకృతికి కలిగే ఫలితాన్ని రాసి చూపాలని, 1970 జనవరి 1న నిక్సన్ సంతకం చేసిన చట్టం నిర్దేశించింది. మనదేశంలో 1970ల చివర నదీలోయ ప్రాజెక్టుల పరిశీలనతో మొదలై, 1994 జనవరి 27 నాటి ప్రకటనతో శాసనబద్ధమైంది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ చేరింది. 2006 సెప్టెంబరు 14న పాత ప్రకటన స్థానంలో కొత్తది వచ్చింది. ఇన్ని మార్పులలోనూ మారనిది ఒకటున్నది. నివేదిక రాసే సలహాదారునికి రుసుము చెల్లించేది ప్రాజెక్టు కట్టదలచినవారే! పెళ్ళికొడుకు గుణగణాలను అతని తండ్రినే రాసిమ్మన్నట్లు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో "బీల" అనే చిత్తడి నేల ఉన్నది. ఎగువనుండి దిగివచ్చే నీరు అక్కడ నిలుస్తుంది. ఆ నీటితో చుట్టుపక్కల వరి పండుతుంది, జాలరులకు చేప దొరుకుతుంది, పశువులకు మేత దొరుకుతుంది. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కట్టాలని ఒక సంస్థ సంకల్పించింది. కాగితాలలో బీల ప్రయోజనం లేని నేలగా కనబడింది. "పోరంబోకు" అన్న రెవెన్యూ మాట ఎన్ని చెరువులను, ఎన్ని మేతబీళ్ళను మింగిందో ఎవరైనా పరిశోధన చేయదగిన విషయం. పన్ను రాని నేల పనికిరాని నేల అయిపోయింది.

2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం కాదన్నారు. అయినా ఆ డిసెంబరులో అనుమతి వచ్చింది. రైతులు, జాలరులు నిరాహారదీక్షల శిబిరం వేసుకొని కూర్చున్నారు. కొందరు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థను ఆశ్రయించారు. 2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. ఆనాడే ఢిల్లీలో ఆ సంస్థ అనుమతిని రద్దుచేసింది. బీల చిత్తడి నేలయేనన్న వాదన నెగ్గింది. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఆ తీర్పు ఇద్దరి ప్రాణాలు నిలిపి ఉండునేమో!

ఏడు నెలలకు, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లాలోని కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ ఇద్దరు. అక్కడి నేలను "తంపర" అంటారు. తేలినీలాపురం విదేశీ పక్షుల విడిదికి అది చేరువ. బీల, తంపర - ఈ రెండు మాటలకు సరిసమానమైన పదం రెవెన్యూ దస్త్రాలలో ఉండి ఉంటే కథ కొంత మారేదని నా అనుమానం.

ఆ ఇద్దరి మరణం వెనుక ఉన్న లెక్క నేడు ప్రపంచమంతా వేస్తున్న లెక్కే. నీటిలో మునిగిన నేలలో ఆకు, దుబ్బు త్వరగా కుళ్ళవు. కనుక కర్బనం అక్కడే నిలువ ఉంటుంది. అటువంటి నేలను పూడ్చి పైన బొగ్గు కాలిస్తే నష్టం రెండువైపులా. 2021లో గ్లాస్గోలో మనదేశం 2070 నాటికి నికర ఉద్గారాలు శూన్యం చేస్తానన్నది. 2022లో మాంట్రియల్‌లో, చెడిన ప్రకృతి నెలవులలో కనీసం 30 శాతాన్ని 2030 నాటికి పునరుద్ధరణ పనుల కిందకు తేవాలని దేశాలు అంగీకరించాయి. చెడినదానిని బాగుచేయడం కంటే చెడకముందు ఆపడం చవుక. ఆ ఆపే గుమ్మం మదింపే.

గుమ్మం దగ్గర భాష చిక్కు ఒకటున్నది. 2006 ప్రకటన ప్రకారం నివేదిక సారాంశం స్థానికభాషలోనూ ఉండాలి, సవివరమైన నివేదికకు ఆ నిర్బంధం లేదు. 2020లో కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చి, జనం స్పందనకిచ్చే 30 రోజుల గడువును 20కి తగ్గించదలచింది. ఆ ముసాయిదా ఇంగ్లీషు, హిందీలలోనే వెలువడింది. అష్టమ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. ఆ ఇరవైరెండింటిలో తెలుగు కూడా ఉన్నది.