గణన, నిరీక్షణ, తీర్పు: మిల్లరైట్ ఉద్యమంలో ప్రవచన వ్యాఖ్యానం (1831-1863)

క్రైస్తవ మతబోధలో తుదితీర్పు భావన రెండు ప్రశ్నలను వెంటబెట్టుకొని వచ్చింది. అది ఎప్పుడు జరుగుతుందన్నది మొదటిది. ఏ రూపంలో జరుగుతుందన్నది రెండవది. ఆ దినమూ ఆ ఘడియా మనుషులకు తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయం బోధిస్తున్నా, దానియేలు గ్రంథంలోనూ ప్రకటన గ్రంథంలోనూ కనిపించే సంఖ్యలు వ్యాఖ్యాతలను లెక్కలవైపు నడిపిస్తూనే వచ్చాయి. ఈ రెండు ప్రశ్నల మధ్య సంబంధం ఎలా తలకిందులు కాగలదో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో 1844లో పరాకాష్ఠకు చేరిన మిల్లరైట్ ఉద్యమం చూపుతుంది. ఆ ఉద్యమం మొదట గడువు తప్పినప్పుడల్లా గడువునే సవరించుకుంది. చివరి గడువూ తప్పిన తరువాత ఒక వర్గం తేదీని నిలుపుకొని తీర్పు అనే మాటకే కొత్త అర్థం చెప్పుకుంది. ఆ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంఖ్య నుంచి సంవత్సరానికి

ఉద్యమానికి మూలపురుషుడైన విలియం మిల్లర్ 1782లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో జన్మించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్‌లో వ్యవసాయం చేశాడు. యౌవనంలో, దేవుడు సృష్టి వ్యవహారాల్లో జోక్యం చేసుకోడనే డీయిజం వైపు మొగ్గి, 1812లో మొదలైన యుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి, 1816లో బాప్టిస్టు విశ్వాసానికి మరలాడు. బైబిలే బైబిలుకు వ్యాఖ్యానమన్న సూత్రాన్ని నమ్మి, పదసూచిక సాయంతో గ్రంథాన్ని వరుసగా చదివాడు.

అతని వాదానికి ఆధారం దానియేలు గ్రంథం 8వ అధ్యాయం 14వ వచనం. 2300 దినాల తరువాత పరిశుద్ధ స్థలం శుద్ధి పొందుతుందన్నది దాని సారాంశం. మిల్లర్ దీనిని మూడు మెట్లలో అన్వయించాడు. సంఖ్యాకాండం 14వ అధ్యాయం, యెహెజ్కేలు 4వ అధ్యాయం ఆధారంగా దినమంటే సంవత్సరమన్నాడు. పారశీక రాజు అర్తహషస్త ఆజ్ఞ వెలువడిన క్రీ.పూ. 457ను ప్రారంభ సంవత్సరంగా తీసుకున్నాడు. పరిశుద్ధ స్థలమంటే భూమి, శుద్ధి అంటే క్రీస్తు రెండవ రాకడలో అది అగ్నిచేత ప్రక్షాళితం కావడం అన్నాడు. 2300 నుంచి 457 తీసివేయగా వచ్చినది 1843.

ఈ వ్యాఖ్యానం అక్షరార్థాన్నే నమ్ముకున్నదన్న అభిప్రాయం తరచుగా వినిపిస్తుంది. అది సగమే నిజం. తీసివేత ఒక్కటే లెక్క. దానికి ముందూ వెనుకా ఉన్నది లక్ష్యార్థం. దినాన్ని సంవత్సరంగా, ఆలయాన్ని భూమిగా గ్రహించడంలో వాచ్యార్థాన్ని దాటిన వ్యాఖ్యాత, అలా వచ్చిన ఫలితాన్ని మాత్రం వాచ్యంగా నమ్మమన్నాడు. అదే వచనంలో హీబ్రూ మూలం 'దినం' అనక సాయంకాలం-ఉదయం అనే జంటపదాన్ని వాడింది. ఆధునిక బైబిలు పండితుల్లో అధికులు దీనిని క్రీ.పూ. 167లో అంతియోకస్ ఎపిఫనీస్ యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన ఘటనకూ, క్రీ.పూ. 164లో జరిగిన పునఃప్రతిష్ఠకూ అన్వయిస్తారు. కనుక మిల్లర్‌కు వివాదం సంఖ్యతో కాదు, సంఖ్య దేనిని సూచిస్తుందన్న దానితో.

గడువులు, సవరణలు

1831లో ప్రసంగాలు మొదలుపెట్టిన మిల్లర్‌కు బోస్టన్ బోధకుడు జాషువా హైమ్స్ తోడుకావడంతో గ్రామీణ బోధ అచ్చుయంత్రం అండగల ఉద్యమమైంది. 1840లో 'సైన్స్ ఆఫ్ ద టైమ్స్' పత్రిక వెలువడింది. చార్లెస్ ఫిచ్, అపోలోస్ హేల్ 1842లో రూపొందించిన పటం దానియేలు మృగాలనూ లెక్కలనూ ఒకేచోట చూపింది. ప్రవచనం వినేదిగానే గాక కళ్లతో చూసి కూడుకొనగల లెక్కగా మారింది.

మిల్లర్ చాలాకాలం తేదీని నిర్దేశించలేదు. 1843 మార్చి 21కీ 1844 మార్చి 21కీ మధ్య రాకడ జరుగుతుందని మాత్రమే అన్నాడు. ఆ గడువు దాటిన తరువాత, దర్శనం ఆలస్యమైనా కనిపెట్టుకొని ఉండమన్న హబక్కూకు బోధను, మత్తయి 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానాన్ని ఆశ్రయించి ఉద్యమం ఆలస్యానికే ప్రవచనార్థం కల్పించుకుంది. లెక్కలోని ఒక లోపమూ బయటపడింది. క్రీ.పూ. 1కీ క్రీ.శ. 1కీ మధ్య సున్నా సంవత్సరం లేదు. కనుక 2300 నిండు సంవత్సరాలు 1844లోనే పూర్తవుతాయి. 1844 ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ శిబిర సభలో శామ్యూల్ స్నో వాదం ఊపందుకుంది. లేవీయకాండంలోని ప్రాయశ్చిత్త దినం ఏడవ నెల పదవ దినాన వస్తుంది గనుక, కరాయీ యూదుల పంచాంగం ప్రకారం అది అక్టోబరు 22 అన్నాడు. ఈ తేదీని మిల్లర్ అక్టోబరు మొదటి వారంలో గాని అంగీకరించలేదు. నాయకుడు అనుచరుల వెనుక నడిచిన ఘట్టమిది.

విశ్వాసుల్లో కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలివేశారు. కొందరు అప్పులు తీర్చి, తగవులు పరిష్కరించుకున్నారు. తెల్లని అంగీలు ధరించి కొండలెక్కారన్న ప్రచారాన్ని ఫ్రాన్సిస్ నికోల్ 1944లో ప్రచురించిన గ్రంథంలో ఖండించాడు. అంగీల కథ నవ్వు పుట్టించడానికి పనికివచ్చింది. కోయని పంట మాత్రం విశ్వాసపు బరువుకు సాక్ష్యం. అక్టోబరు 22 గడిచింది. చరిత్రలో అది 'మహా నిరాశ'గా నిలిచింది.

తీర్పుస్థలం మార్పు

మర్నాడు న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్ గిబ్సన్ వాసి హైరమ్ ఎడ్సన్‌కు కొత్త అన్వయం స్ఫురించింది. శుద్ధి పొందవలసిన పరిశుద్ధ స్థలం భూమి కాదు, పరలోకంలోనిది. ఆనాడు క్రీస్తు భూమికి దిగిరాలేదు, ప్రధాన యాజకుడిగా పరలోక ఆలయపు అతిపరిశుద్ధ స్థలంలో ప్రవేశించాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలోని యాజకత్వ భావన దీనికి బలమిచ్చింది. దీనిని ఓ.ఆర్.ఎల్. క్రోజియర్ 1846లో విస్తరించి ప్రచురించాడు. 1850లలో ఇది 'పరిశోధక తీర్పు' సిద్ధాంతంగా స్థిరపడింది. రాకడకు ముందే విశ్వాసుల జీవితాల విచారణ పరలోకంలో సాగుతున్నదన్నది దాని సారం. ఈ వర్గమే 1863లో మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘంగా వ్యవస్థీకృతమైంది.

ఈ మలుపుతో తీర్పు స్వరూపం మారింది. మిల్లర్ బోధలో అది అందరికీ కనిపించే ఒక్కనాటి ఘటన. కొత్త బోధలో కంటికి కనిపించక కొనసాగే ప్రక్రియ. మొదటిది చరిత్ర చేత పరీక్షింపబడగలదు, అందుకే ఓడింది. రెండవది ఆ పరీక్షకు అందదు, అందుకే నిలిచింది. ఆ నిలకడకు నైతిక పార్శ్వం కూడా ఉంది. తేదీ కోసం ఎదురుచూసిన మనిషి ఇక ప్రతిదినమూ విచారణలో ఉన్నట్టు జీవించవలసి వచ్చింది.

ఉపసంహారం

ఇదే ఏకైక మార్గం కాదు. మిల్లర్ తన లెక్క తప్పిందని బహిరంగంగా అంగీకరించాడు. రాకడ సమీపమన్న విశ్వాసాన్ని వదలకుండా, పరలోక ఆలయ సిద్ధాంతంలో చేరకుండా 1849లో మరణించాడు. ఒకే వైఫల్యం నుంచి రెండు వ్యాఖ్యాన ధర్మాలు వెలువడ్డాయి. ఒకటి అర్థాన్ని నిలిపి తేదీని వదిలింది. రెండవది తేదీని నిలిపి అర్థాన్ని మార్చింది. ప్రవచన వ్యాఖ్యానాన్ని మూఢత్వమని తోసిపుచ్చితే ఈ భేదం కనిపించదు. వాచ్య లక్ష్యార్థాల మధ్య గీతను వ్యాఖ్యాత ఎక్కడ గీశాడు, ఆ గీత జరిగినప్పుడు మూల్యం ఎవరు చెల్లించారు అన్న ప్రశ్నలతో చదివినప్పుడే 1844 మతచరిత్రతో పాటు వ్యాఖ్యానచరిత్రలోనూ ఒక ముఖ్య ఘట్టంగా అర్థమవుతుంది.