లాభం, రెండు, మూడు...

మా అక్క ఇప్పటికీ ఏది లెక్కపెట్టినా "ఒకటి" అనదు. "లాభం" అంటుంది. చాకలిపద్దు రాసినా, మనవలకి అరిసెలు పంచినా లాభం, రెండు, మూడు, అంతే. మా కోడలు కొత్తలో తెల్లబోయింది. కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని అలాగే పిలవాలని ఆ పిల్లకెలా తెలుస్తుంది? పట్నంలో పుట్టింది పాపం.

మాది కోనసీమ. పదిమంది పిల్లలం ఒక్క లోగిట్లో పెరిగాం. పెదనాన్నగారూ, నాన్నగారూ, బాబయ్యా కలిసే వ్యవసాయం చేయించేవారు. సార్వా కోతలు మొదలయ్యాయంటే ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. కోసిన వరి పనలుగా పడేది. ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసేవారు. సంక్రాంతి ముందో వెనకో నూర్పిడి. రాత్రిళ్ళు మంచులో పశువులు కుప్పచుట్టూ తిరుగుతూంటే మేం గడ్డిలో దూరి, మామ్మ చెప్పే కథల్లో సగం వినీ సగం నిద్రపోయీ తెల్లారేసరికి ఒళ్ళంతా దురదలతో లేచేవాళ్ళం. తూర్పారపట్టాక రాశిచుట్టూ పొలి చల్లేవారు. అప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడకూడదంటేనే మాకు నవ్వొచ్చేది.

కోసిన చేలో మేమూ పరిగె ఏరేవాళ్ళం, సరదాకి, తీర్థంలో జీళ్ళు కొనుక్కోవడానికి. మా పక్కనే కూలివాళ్ళ పిల్లలు కూడా ఏరేవారు. వాళ్ళకది సరదా కాదు, రాత్రి గంజి. కోతల రోజుల్లో మా బడి సగం ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ ఎవరిదో మాకప్పుడు తట్టలేదు.

కనుమనాడు జగ్గన్నతోట తీర్థం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభలమీద వచ్చి కొబ్బరితోటలో కొలువుదీరతారు. ప్రభల్ని మోసేవాళ్ళు పచ్చని చేలకి అడ్డంపడి, కౌశికలో దిగి వస్తారు. చేను తొక్కారని ఏ రైతూ గొడవపడడు, శివుడే తొక్కాడంటాడు. అన్నట్టు, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి కదా, ఆ తరవాత కొన్నేళ్ళు రెండు లెక్కలూ నడిచాయి. అణాకి ఆరు నయాపైసలు, కానీ నాలుగణాలకి పాతిక. తీర్థంలో మేమంతా ఒకేసారి పావలా జీళ్ళు అడిగితే, అక్క నాలుగుసార్లు విడివిడిగా అణా జీళ్ళు కొని ఇరవైనాలుగే ఇచ్చేది. మిగిలిన నయాపైస కొంగున ముడేసుకునేది. దుకాణంవాడు దాన్ని చూస్తే మొహం తిప్పుకునేవాడు!

అటువంటి పిల్ల అయిదో క్లాసుతో బడి మానేసింది. మానేసింది అంటున్నాను గానీ, మానిపించారు. ఊళ్ళో బడి అయిదుదాకానే. హైస్కూలుకి పంటి దాటి, అక్కణ్ణించి రెండు మైళ్ళు నడవాలి. అన్నయ్యలు వెళ్ళారు. "ఆడపిల్ల పంటి ఎక్కి వెడుతుందిటే!" అంది మామ్మ. దానితో అయిపోయింది.

పెదనాన్నగారు చెడ్డవారు కాదు. ఒకసారి మమ్మల్నందర్నీ రెండు బళ్ళమీద గన్నవరం అక్విడక్టుకి తీసుకువెళ్ళారు. అరిటాకుల్లో పులిహోర, దోసావకాయ. కింద వైనతేయ గోదావరి, పైన నలభైతొమ్మిది ఖానాల వంతెనమీద కాలువ. నదిమీంచి నీరు నడిచిపోవడం చూసి మా తమ్ముడు భయపడి ఏడ్చాడు. (ఇప్పుడు దాని పక్కనే కొత్తది కట్టి, అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.) అక్కడ కూచుని పెదనాన్నగారు చరిత్ర చెప్పారు. పక్కనే గోదారి పారుతున్నా పొలానికి నీళ్ళులేక కరువులొచ్చాయనీ, 1839లో ఉప్పెనొచ్చి కోరంగిని ముంచేసిందనీ, కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడనీ. "ఆ నీళ్ళేనర్రా మీరు తినే అన్నం" అన్నారు. అక్క అడిగింది, "అయిదేళ్ళలో ఆనకట్ట కట్టినవాళ్ళు మన కాలవమీద చిన్న వంతెన కట్టలేదేం?" అని. ఎందుకడిగిందో ఆయనకి తెలుసు. బళ్ళు కట్టమన్నారు.

1962 నూర్పిళ్ళనాడు ధాన్యం కొనడానికి వర్తకుడు కళ్ళానికే వచ్చాడు. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కొలిచేవాడు "లాభం" అని మొదలుపెట్టి కొలుస్తున్నాడు, వర్తకుడి గుమాస్తా రాసుకుంటున్నాడు. కాఫీలు తెచ్చిన అక్క అక్కడే నిలబడి, పశువులపాక గోడమీద తూముకొక సున్నపుగీత గీసింది. చివర్న గుమాస్తా పదకొండు పుట్లన్నాడు. "పదకొండు పుట్లమీద మూడు తూములు" అంది అక్క. "అమ్మాయిగారికి లెక్కలు కూడా వచ్చా?" అని నవ్వాడు వర్తకుడు. గోడ దగ్గరికి వెళ్ళి గీతలు రెండుసార్లు లెక్కపెట్టారు. కొలిచినవాడే తలగోక్కుంటూ, "అమ్మాయిగారు చెప్పిందే నిజమండి" అన్నాడు.

ఇంటికొచ్చాక బాబయ్య అననే అన్నాడు: "ఇంత లెక్కొచ్చిన పిల్లని బడి మానిపించాం కదన్నయ్యా!" పెదనాన్నగారు మాట్లాడలేదు. అక్క కూడా మాట్లాడలేదు. అప్పటికే దానికి సంబంధాలు చూస్తున్నారు.

మర్నాటి ఎండాకాలానికి నా అయిదో క్లాసు అయింది. కాలువ కట్టేసి ఉంది, మేం అడుగు నీళ్ళలో చేపలు పడుతున్నాం. అక్క తిన్నగా పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళి, "చెల్లాయిని పంటిదాకా నేను దిగబెడతాను. సాయంత్రం నేనే తెచ్చుకుంటాను" అంది. మామ్మ ఏదో అనబోతే, "మూడు తూముల ధాన్యం మీకు మిగిల్చాను. అందులోంచి దాని ఫీజు కట్టండి" అంది. ఇంట్లో అంతమాట అన్న ఆడపిల్ల అదే మొదలు. పెదనాన్నగారు జేబులోంచి డబ్బు తీశారు.

తరవాత పుస్తకాల్లో చదివాను. వీరేశలింగం పంతులుగారు ఆడపిల్లల కోసం 1874లో బడి పెట్టింది కూడా ఆ ధవళేశ్వరంలోనే. నీళ్ళూ అక్కణ్ణించే, చదువూ అక్కణ్ణించే. చదువు మా గుమ్మం ఎక్కేసరికి 1963 అయింది, తొంభై ఏళ్ళకి ఒకటి తక్కువ. మీరే చెప్పండి, ఇంత నిదానంగా పారే కాలువ ఎక్కడైనా ఉంటుందా?

అక్క పెళ్ళయ్యేదాకా రెండేళ్ళు రోజూ రేవుకొచ్చింది. సాయంత్రం పంటి దిగగానే నా సంచీ లాక్కుని, దారంతా ఆ రోజు లెక్కలు చదువుతూ నడిచేది. ఆల్జీబ్రా నాకంటే ముందు దానికే అర్థమైంది. పెళ్ళికి వెళ్ళేప్పుడు నా పాత లెక్కలపుస్తకం పెట్టెలో పెట్టుకుంది. అత్తగారు చూసి పంచాంగమనుకుందిట!

కిందటి సంక్రాంతికి ఇద్దరం ఊరెళ్ళాం. లోగిలి లేదు, కళ్ళం లేదు. కోతమిషను చేలో దిగి, మేం కొబ్బరిబొండాలు తాగేలోగా ఒక మడి ముగించింది. కౌలురైతు బస్తాలు లారీకెత్తిస్తున్నాడు. అక్క కర్ర ఊతంగా గట్టుమీద నిలబడి పెదాలు కదుపుతోంది. "ఏమిటే?" అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపింది, మాట్లాడకు, లెక్క తప్పుతుందని.