మానకూడని గాయం

గాయం త్వరగా మానాలని ఎవరైనా కోరుకుంటారు. గ్లాకోమా, అనగా నీటికాసుల శస్త్రచికిత్సలో మాత్రం అలా కాదు. కంటిలోని ద్రవం బయటికి పోవడానికి వైద్యుడు చేసిన దారి మచ్చకట్టి పూడుకుపోతే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. పోయిన చూపు తిరిగి రాదు.

1909లో మద్రాసులో (నాడు ఆంధ్ర జిల్లాలకూ అదే రాజధాని) ఇలియట్ కంటికి చిన్న రంధ్రం చేసే పద్ధతిని వివరించాడు. 1968లో కెయిర్న్స్ ట్రాబెక్యులెక్టమీని ప్రచారంలోకి తెచ్చాడు. మచ్చ సమస్య మాత్రం తీరలేదు.

పరిష్కారం క్యాన్సర్ మందుల నుండి వచ్చింది. 1980లలో మయామీ వైద్యులు ఫైవ్ ఫ్లోరోయురాసిల్ వాడారు; అందుకు రోజుల తరబడి కంటికి సూదులు తప్పేవి కావు. 1983లో తైవాన్‌కు చెందిన చెన్ మైటోమైసిన్-సి వాడకాన్ని ప్రకటించాడు. కణాలను చంపే మందును కంటిపై పెట్టడం, నా దృష్టిలో, పెద్ద సాహసమే. నేడు ఆ మందులో తడిపిన స్పాంజి ముక్కను కొద్ది నిమిషాలు ఉంచి, శుభ్రంగా కడిగివేస్తారు.

దీనికొక మూల్యం ఉంది. ఆ చోట పొర పలుచబడి, ఏళ్ల తరువాత కూడా ద్రవం కారవచ్చు, చీము పట్టవచ్చు. కనుక ఈ శస్త్రచికిత్స జరిగిన మీ పెద్దల కన్ను ఎర్రబడినా, నీరు కారినా, మసకబారినా మందుల దుకాణంలో చుక్కలు అడగకండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో కంటి వైద్యులకు కొదువ లేదు. ఆ రోజే చూపించండి.